వనాడియం టైట్రేషన్‌లో 2.72 ఎలక్ట్రాన్లు ఏంటి? టిన్‌తో అయితే 3.94 వచ్చింది!

లాస్య_ఎమ్మెస్సీ:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టియర్. మాకు ల్యాబ్‌లో వనాడియం ఎక్స్‌పెరిమెంట్ ఇచ్చారు, వనాడేట్‌ని రిడ్యూస్ చేసి (ఎలక్ట్రాన్లు ఎక్కించి) పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేసి (బ్యూరెట్‌లోంచి కొంచెం కొంచెంగా పోసి ఎంత పట్టిందో కొలిచి), రిడక్షన్‌లో వనాడియం +5 నుంచి ఎంత దాకా దిగిందో ఆక్సిడేషన్ నంబర్ లెక్క కట్టాలి. థియరీ అర్థమైంది అనుకున్నా, రీడింగులు చూశాక ఏమీ అర్థం కావట్లేదు.

చేసింది ఇది. అమ్మోనియం మెటావనాడేట్ 0.02 మోలార్, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో. దాంట్లో 25 ఎంఎల్ పిపెట్ చేసి, రిడ్యూస్ చేసి, 0.02 మోలార్ పర్మాంగనేట్‌తో వేడి మీద టైట్రేషన్. పర్మాంగనేట్‌ని సోడియం ఆక్సలేట్‌తో స్టాండర్డైజ్ చేశాం, అందులో డౌట్ లేదు. మా బ్యాచ్‌లో ముగ్గురం, ఒక్కొక్కరికీ ఒక్కో రిడ్యూసింగ్ ఏజెంట్ ఇచ్చారు. నాకు జింక్ అమాల్గం (పాదరసం పట్టించిన జింక్), ఒకమ్మాయికి సల్ఫర్ డయాక్సైడ్ (సోడియం సల్ఫైట్ వేసి యాసిడ్‌లోనే పుట్టించింది), ఇంకో అబ్బాయికి టిన్ ముక్కలు.

రీడింగులు: జింక్‌తో 13.6 ఎంఎల్, సల్ఫర్ డయాక్సైడ్‌తో 5.4, టిన్‌తో 19.7.

లెక్క: వనాడియం 25 × 0.02 = 0.5 మిల్లీమోల్. నా పర్మాంగనేట్ 13.6 × 0.02 = 0.272 మిల్లీమోల్, ఒక్కోటి 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 1.36 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు, దాన్ని 0.5తో భాగిస్తే 2.72. అంటే నా వనాడియం +5 నుంచి 2.72 దిగి +2.28 దగ్గర ఆగిందా?? సల్ఫర్ డయాక్సైడ్ అమ్మాయికి 1.08. టిన్ అబ్బాయికి 3.94, అంటే దాదాపు 4 ఎలక్ట్రాన్లు, వనాడియం +1 అన్నమాట! కానీ వాడి ఫ్లాస్క్ ఆకుపచ్చగా ఉంది, ఆకుపచ్చ అంటే +3 కదా. నాది మాత్రం చక్కగా వంగపండు రంగులోకి వచ్చింది, అంటే +2 వచ్చినట్టే.

2.72ని 3 అని రౌండ్ చేసి రాసేయొచ్చా? టిన్ సంగతి ఏంటి? ఎవరైనా చెప్పండి ప్లీజ్, సోమవారం రికార్డ్ పెట్టాలి.

బ్యూరెట్_బాబు:

3 అని రాసేయమ్మా, ప్రపంచమంతా అదే చేస్తుంది 😀 ఆక్సిడేషన్ నంబర్ మారేది పూర్ణాంకాల్లోనే, 2.72కి దగ్గరిది 3, సల్ఫర్ డయాక్సైడ్‌కి 1. టిన్ వాడు రీడింగ్ తప్పు చూసుంటాడు, 9.7ని 19.7 అని రాసుంటాడు, 9.7 అయితే 1.94, అంటే 2 ఎలక్ట్రాన్లు, +3, రంగు కూడా సరిపోతుంది. అయిపోయింది.

లాస్య_ఎమ్మెస్సీ:

లేదన్నా, వాడు మళ్ళీ చేశాడు, మళ్ళీ 20కి దగ్గరే వచ్చింది. రీడింగ్ తప్పు కాదు.

పాతల్యాబ్_మాష్టారు:

అమ్మా లాస్యా, రౌండ్ చేయకు. రౌండ్ చేస్తే మార్కులు వస్తాయేమో కానీ ఆ 0.28 ఎక్కడికి పోయిందో తెలియకుండా పోతుంది, నీ ఎక్స్‌పెరిమెంట్‌లో అసలు కెమిస్ట్రీ అంతా ఆ 0.28లోనే ఉంది. టిన్ అబ్బాయి రీడింగ్ కూడా తప్పు కాదు, అది రావలసిందే, దాని సంగతి తర్వాత.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. బ్యూరెట్‌కి వనాడియం ఎవరో తెలియదు. ఫ్లాస్క్‌లో పర్మాంగనేట్‌కి ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగినవి ఏమేమి ఉన్నాయో అన్నీ కలిపి ఒక్క అంకె చెప్తుంది, అంతే. దాన్ని వనాడియం మోల్స్‌తో భాగించి "ఆక్సిడేషన్ నంబర్ మార్పు" అని పేరు పెట్టేది మనం. ఆ పేరు నిలబడాలంటే ఫ్లాస్క్‌లో ఎలక్ట్రాన్లు ఇచ్చేది వనాడియం ఒక్కటే అయుండాలి, టైట్రేషన్ మొదలయ్యేలోపు అది దార్లో ఎవరికీ ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ఉండకూడదు, చివర్లో మొత్తం +5కి చేరాలి, పర్మాంగనేట్ నిజంగానే 5 ఎలక్ట్రాన్లు తీసుకుని మాంగనీస్ +2 దాకా దిగాలి. మీ ముగ్గురికీ వీటిలో ఏదో ఒకటి దెబ్బతింది.

నీ సంగతి చూద్దాం. +2 వనాడియం గాలి తగిలితే ఆగదు. నాలుగు వనాడియంలకి ఒక ఆక్సిజన్ అణువు చాలు, +3 అయిపోతాయి. నీకు రావలసింది 15.0 ఎంఎల్, వచ్చింది 13.6, అంటే 0.14 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు మాయం. ఒక ఆక్సిజన్ 4 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది కాబట్టి 0.035 మిల్లీమోల్ ఆక్సిజన్, రూమ్ టెంపరేచర్‌లో దాదాపు 0.85 ఎంఎల్. గాలి లెక్కలో చూస్తే 4 ఎంఎల్! ఫ్లాస్క్ మెడలోనే అంతకన్నా ఎక్కువ గాలి ఉంటుంది. గాలి సంగతి అలా ఉంచు, జింక్‌ని కడిగిన నీళ్ళు ఎన్ని పోశావు? మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకి 8 మిల్లీగ్రాములు, అటూ ఇటుగా, ఆక్సిజన్ కరిగి ఉంటుంది. 100 ఎంఎల్ కడుగునీళ్ళు పోస్తే 0.025 మిల్లీమోల్ ఆక్సిజన్, అంటే 0.1 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు, అంటే నీ బ్యూరెట్‌లో సరిగ్గా 1 ఎంఎల్. నీ లోటు 1.4 ఎంఎల్‌లో పెద్ద భాగం కడుగునీళ్ళే తాగేసి ఉండొచ్చు.

ఇంకో మాట అడుగుతా, వేడి ఎప్పుడు చేశావు? ఊదా రంగులో ఉండగానే బర్నర్ మీద పెట్టావా? పెడితే గాలితో రియాక్షన్ ఇంకా వేగం అవుతుంది. వేడి కావలసింది ఆఖరి మెట్టుకి మాత్రమే, +4 నుంచి +5కి వెళ్ళేది చల్లగా ఉంటే నెమ్మది, దానికి 70, 80 డిగ్రీలు కావాలి. మొదటి రెండు మెట్లూ చల్లగానే చకచకా నడుస్తాయి. నీలం రంగు వచ్చేదాకా చల్లగా పోసి, అప్పుడు వేడి చేసి మిగిలింది పూర్తి చెయ్యాలి.

లాస్య_ఎమ్మెస్సీ:

మాష్టారూ, అవును, ఊదాగా ఉండగానే వేడి చేశాను, మాన్యువల్‌లో "వేడి ద్రావణాన్ని టైట్రేట్ చేయుము" అనే ఉంది. కడగడానికి నీళ్ళు కూడా బాగానే పోశా, జింక్ మీద కొంచెం కూడా మిగలకూడదని. మరి గాలి తగలకుండా ఎలా చేయాలి? మా దగ్గర నైట్రోజన్ సిలిండర్ ఉంది కానీ దాన్ని మమ్మల్ని ముట్టుకోనివ్వరు.

పాతల్యాబ్_మాష్టారు:

నైట్రోజన్ లేకపోయినా పర్వాలేదు, ఫెర్రిక్ ఆలం (+3 ఐరన్ ఉన్న ఉప్పు) ఉంటే చాలు. జింక్ మీద నుంచి దిగే ద్రావణాన్ని ఖాళీ ఫ్లాస్క్‌లోకి కాకుండా, అడుగున ఫెర్రిక్ ద్రావణం పోసి ఉంచిన ఫ్లాస్క్‌లోకి పట్టు. గరాటు కొన ఆ ద్రావణంలో మునిగి ఉండాలి, అంటే వనాడియం గాలి మొహం చూడకుండానే ఫెర్రిక్‌లో పడాలి. పడగానే +2 వనాడియం తన ఎలక్ట్రాన్లలో రెండు ఐరన్‌కి ఇచ్చేసి +4 అయిపోతుంది, రెండు ఫెర్రిక్‌లు ఫెర్రస్ (+2 ఐరన్) అవుతాయి. ఇప్పుడు ఫ్లాస్క్‌లో ఉన్నవి +4 వనాడియం, ఫెర్రస్ ఐరన్, యాసిడ్‌లో ఈ రెండూ గాలికి అంత తొందరగా లొంగవు. టైట్రేషన్‌లో ఫెర్రస్ నుంచి 2, వనాడియం నుంచి 1, మొత్తం 3. లెక్కలో ఏ మార్పూ లేదు, ఎలక్ట్రాన్లు చేతులు మారాయి గానీ బయటికి పోలేదు. డబ్బు జేబులో పెట్టుకుని సంతకి వెళ్తే పోతుందని బ్యాంకులో వేసినట్టు.

ఫెర్రిక్ ఎంత కావాలి? వనాడియం 0.5 మిల్లీమోల్ కాబట్టి కనీసం 1 మిల్లీమోల్, దానికి రెట్టింపు పెట్టుకో, 0.2 మోలార్ ఫెర్రిక్ ఆలం 10 ఎంఎల్ పోస్తే సరిపోతుంది. కొంచెం ఫాస్ఫారిక్ యాసిడ్ కూడా వెయ్యి, ఫెర్రిక్ పసుపు పోతుంది, లేకపోతే వనాడియం పసుపూ దాని పసుపూ కలిసి ఎండ్ పాయింట్‌లో గులాబీ రంగు కనపడక ఏడిపిస్తుంది. బ్లాంక్, అంటే వనాడియం లేకుండా మిగతావన్నీ వేసి ఒక టైట్రేషన్, తప్పకుండా చెయ్యాలి. కడగడానికి మరిగించి చల్లార్చిన పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడు, అదీ కొంచెం కొంచెంగా.

ఇక టిన్ అబ్బాయి. నువ్వు చెప్పు, జింక్ నీ వనాడియంకి ఎలక్ట్రాన్లు ఇచ్చాక ఏమవుతుంది?

లాస్య_ఎమ్మెస్సీ:

జింక్ +2. దాన్ని పర్మాంగనేట్ ఏమీ చేయలేదు... ఓహ్! టిన్ అయితే +2 దగ్గర ఆగుతుంది, దాన్ని పర్మాంగనేట్ +4కి ఆక్సిడైజ్ చేస్తుంది!!

పాతల్యాబ్_మాష్టారు:

అదీ! ఫ్లాస్క్‌లో ఇద్దరు ఉన్నారు, వాడు అందరి ఎలక్ట్రాన్లనీ వనాడియం ఖాతాలో రాసేశాడు.

లెక్క ఎంత ముచ్చటగా ఉంటుందో చూడు. టిన్ వనాడియంని +5 నుంచి +3కి దించింది అనుకో, ఒక్కో వనాడియంకి 2 ఎలక్ట్రాన్లు, అంటే ఒక్కో వనాడియంకి ఒక +2 టిన్ పుట్టింది. ఆ టిన్ దగ్గర ఇంకా ఇవ్వడానికి 2 ఎలక్ట్రాన్లు మిగిలి ఉన్నాయి. టైట్రేషన్‌లో వనాడియం 2, టిన్ 2, మొత్తం 4. అంటే టైటర్ (బ్యూరెట్ రీడింగ్) 10 ఎంఎల్‌కి బదులు సరిగ్గా డబుల్, 20. మీవాడికి వచ్చింది 19.7. సగం చేస్తే 9.85, అంటే 1.97 ఎలక్ట్రాన్లు, +3, ఆకుపచ్చ రంగు సరిపోయింది. బ్యూరెట్ బాబు గారు 9.7 అయుంటుందని చెప్పి జవాబుకి దగ్గరగానే వచ్చారు, కారణం మాత్రం వేరే.

అయితే ఇంత చక్కగా 20కి దగ్గర రావడంలో కొంత అదృష్టం కూడా ఉంది. టిన్ కొంత యాసిడ్‌లో ఊరికే కరిగి హైడ్రోజన్ వదిలితే టైటర్ పెరుగుతుంది, +2 టిన్ గాలికి ఆక్సిడైజ్ అయితే తగ్గుతుంది, ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఉండొచ్చు. అందుకే ఈ పనికి టిన్ మంచి ఎంపిక కాదు. మీ ల్యాబ్‌లో కావాలనే ఇచ్చి ఉంటే ఇచ్చినాయన గట్టివాడే.

సల్ఫర్ డయాక్సైడ్ అమ్మాయిది తేలిక. రావలసింది 5.0, వచ్చింది 5.4, మిగిలిపోయిన సల్ఫర్ డయాక్సైడ్ ఆ 0.4 తాగింది. బాగా మరిగించి తరిమెయ్యాలి, కార్బన్ డయాక్సైడ్ పంపుతూ మరిగిస్తే ఇంకా మంచిది. పోయిందో లేదో చూడ్డానికి డైక్రోమేట్‌లో తడిపిన కాగితం ఆవిరిలో పెట్టు, ఆకుపచ్చగా మారకపోతే పోయినట్టే. నీలం రంగు +4 వనాడియం యాసిడ్‌లో గాలికి ఏమీ కాదు, ఎంత మరిగించినా భయం లేదు.

బ్యూరెట్_బాబు:

మాష్టారూ దండాలు 🙏 ఒక డౌట్. పొటెన్షియల్స్ (ఎలక్ట్రాన్లు లాక్కునే బలం, వోల్టుల్లో) టేబుల్ చూస్తే వనాడియం +5 నుంచి +4కి 1.00 వోల్ట్, +4 నుంచి +3కి 0.34, +3 నుంచి +2కి మైనస్ 0.26. జింక్ మైనస్ 0.76 కాబట్టి +2 దాకా లాగుతుంది, టిన్ మైనస్ 0.14 కాబట్టి +3 దగ్గర ఆగుతుంది, ఇంతవరకు ఓకే. కానీ సల్ఫర్ డయాక్సైడ్ ప్లస్ 0.17. అది 0.34 కంటే తక్కువే కదా, అంటే +4ని కూడా +3కి దించాలి. రావలసింది 10 ఎంఎల్ అవ్వాలి కదా, మీరు 5 అంటున్నారు?

పాతల్యాబ్_మాష్టారు:

మంచి ప్రశ్న, చాలా పుస్తకాల్లో కూడా టేబుల్ చూసి +3 అని రాసేస్తారు. టేబుల్ ప్రకారం వెళ్ళొచ్చు, నిజమే, కానీ ఎంత సేపట్లో వెళ్తుందో టేబుల్‌లో ఉండదు. +4 వనాడియం ఒట్టి అయాన్ కాదు, ఆక్సిజన్‌ని గట్టి బంధంతో పట్టుకుని తిరుగుతుంది, +3 అవ్వాలంటే ఆ ఆక్సిజన్ ఊడాలి, సల్ఫర్ డయాక్సైడ్‌తో అది చాలా నెమ్మది. ల్యాబ్ టైమ్‌లో +4 దగ్గరే ఆగుతుంది, నీలం రంగు అలాగే నిలబడుతుంది. అందుకే సల్ఫర్ డయాక్సైడ్‌తో రిడ్యూస్ చేసి, మరిగించి, పర్మాంగనేట్‌తో వనాడియం కొలవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మీ అమ్మాయికి 5.4 వచ్చి 10 రాకపోవడమే దానికి సాక్ష్యం, ఇలాంటి చోటే టైట్రేషన్ చేయడంలో అర్థం ఉంది, లేకపోతే టేబుల్ చూసి ఇంట్లోనే రికార్డ్ రాసుకోవచ్చు.

ఇదే పని వాల్డెన్ రిడక్టర్‌తో కూడా చేస్తారు, వెండి పొడి నింపిన గొట్టం, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో. అది వనాడియంని +4 దగ్గరే వదిలేస్తుంది, క్రోమియం +3నీ టైటానియం +4నీ ముట్టుకోదు. జోన్స్ రిడక్టర్, అంటే నీ జింక్ అమాల్గమే గొట్టంలో నింపితే, వీటన్నిటినీ కిందికి లాగేస్తుంది, మాలిబ్డినం +6ని కూడా +3కి. వెండితో ఒక సుఖం, పుట్టే సిల్వర్ క్లోరైడ్ వెండి మీదే అంటుకుని ఉంటుంది, ఫ్లాస్క్‌లోకి రాదు. కానీ ద్రావణం నిండా క్లోరైడ్ కాబట్టి పర్మాంగనేట్ వాడితే జాగ్రత్త, అది క్లోరైడ్‌ని కూడా కొంత తింటుంది, ఐరన్ ఉంటే ఇంకా ఎక్కువ తింటుంది. అక్కడ సెరిక్ సల్ఫేట్ మేలు.

పటాన్‌చెరు_క్యూసీ:

లాస్యా, నేను ఫార్మాలో క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) చేస్తా, మా దగ్గర అంతా ఆటోటైట్రేటర్, ప్లాటినం ఎలక్ట్రోడ్. మీ కాలేజీలో మామూలు పొటెన్షియోమీటర్ ఉన్నా చాలు, పోసిన ఎంఎల్‌కి వోల్టేజ్ ఎలా మారుతోందో ఒకసారి గ్రాఫ్ గీసి చూడు, మాష్టారు చెప్పిన గాలి సంగతి కళ్ళకి కనపడుతుంది.

+2 వనాడియంని నేరుగా, ఫెర్రిక్ లేకుండా, పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేస్తే గ్రాఫ్‌లో మూడు జంప్‌లు వస్తాయి, +2 అంతా +3 అయినప్పుడు ఒకటి, +3 అంతా +4 అయినప్పుడు ఒకటి, +4 అంతా +5 అయినప్పుడు ఒకటి. మొత్తం వనాడియం +2లో ఉంటే 5, 10, 15 ఎంఎల్‌ల దగ్గర రావాలి, మూడు ముక్కలూ సమానం. ఇప్పుడు నీ 13.6 తీసుకో. గాలి తిన్నది +2లో కొంత భాగాన్ని +3 చేసింది, అంటే మొదటి ముక్క మాత్రమే కురచ అవుతుంది, జంప్‌లు 3.6, 8.6, 13.6 దగ్గర వస్తాయి. వెనక రెండు ముక్కలూ 5, 5 చెక్కుచెదరవు. అదే నీ వనాడేట్ ద్రావణమే పలచగా ఉందనుకో, మూడు ముక్కలూ ఒకేలా తగ్గి 4.53, 9.07, 13.6 అవుతాయి. చివరి అంకె రెండింటిలోనూ 13.6 ఏ, కలర్ చూసి చేస్తే తేడా తెలియదు, గ్రాఫ్‌లో ఇట్టే తెలిసిపోతుంది.

పొటెన్షియోమీటర్ దొరక్కపోతే ఇంకో మార్గం, నాకు ఇది ఎక్కువ ఇష్టం. ఒకే వనాడేట్ బాటిల్ నుంచి ఒక 25 జింక్‌తో చెయ్యి, ఇంకో 25 సల్ఫర్ డయాక్సైడ్‌తో చెయ్యి. సల్ఫర్ డయాక్సైడ్‌ది కచ్చితంగా 1 ఎలక్ట్రాన్ మార్పు అని తెలుసు కాబట్టి జింక్ టైటర్‌ని దాంతో భాగిస్తే నేరుగా ఎలక్ట్రాన్ల సంఖ్య వచ్చేస్తుంది. వనాడేట్ మోలారిటీ అక్కర్లేదు, పర్మాంగనేట్ మోలారిటీ కూడా అక్కర్లేదు, రెండూ కొట్టేసుకుంటాయి. స్టాండర్డైజేషన్ ఎర్రర్ అంతా ఒక్క దెబ్బకి పోతుంది. మీ బ్యాచ్‌లో రెండు రీడింగులూ ఆల్రెడీ ఉన్నాయి, వాటిని శుభ్రంగా మళ్ళీ చేస్తే చాలు.

ఇంకోటి, జింక్ వడకట్టేటప్పుడు గ్లాస్ వూల్ దాటి సన్న పొడి ఫ్లాస్క్‌లో పడకుండా చూసుకో. 1 మిల్లీగ్రాము జింక్ పడితే 0.3 ఎంఎల్ పర్మాంగనేట్ ఎక్కువ పడుతుంది. గాలి 0.6 తగ్గించి, రెండు మిల్లీగ్రాముల జింక్ 0.6 పెంచితే నీకు అద్భుతంగా 15.0 వస్తుంది, అందరూ మెచ్చుకుంటారు, ఎక్స్‌పెరిమెంట్ మాత్రం రెండు వైపులా తప్పు. ఆడిట్‌లో ఇలాంటివే మమ్మల్ని చంపుతాయి.

ఇంటర్_సెకండియర్_సాయి:

అన్నలూ అక్కలూ నాది చిన్న డౌట్, ఇదే టాపిక్ కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. "+2 స్థితిలో ఉన్న ఒక లోహ అయాన్ 0.05 మోలార్ ద్రావణం 30 ఎంఎల్, యాసిడ్‌లో 0.05 మోలార్ పొటాషియం డైక్రోమేట్ 10 ఎంఎల్‌తో పూర్తిగా చర్య జరిపింది, కొత్త ఆక్సీకరణ సంఖ్య ఎంత?" క్రోమియం +6 నుంచి +3, మార్పు 3, కాబట్టి 0.5 × 3 = 1.5, లోహం 1.5, మార్పు 1, ఆన్సర్ +3. కానీ కీలో +4 అని ఉంది. కీ తప్పా?

బ్యూరెట్_బాబు:

కీ కరెక్టే తమ్ముడూ. డైక్రోమేట్‌లో క్రోమియంలు రెండు, పేరులోనే "డై" ఉంది. ఒక్కో క్రోమియంకి 3 అయితే ఒక్కో డైక్రోమేట్‌కి 6. 0.5 × 6 = 3 మిల్లీమోల్ ఎలక్ట్రాన్లు, లోహం 1.5, మార్పు 2, పైకి వెళ్ళింది కాబట్టి 2 + 2 = 4. +2, +4 రెండూ ఉండే లోహం, పైన వీళ్ళు తిడుతున్న టిన్నే అయుండొచ్చు.

అందరూ పొరపాటు పడే ఇంకో చోటు చెప్తా, టైట్రెంట్ ఆక్సిడైజ్ చేస్తే లోహం నంబర్ పెరుగుతుంది, సల్ఫైట్, థయోసల్ఫేట్ లాంటివి అయితే తగ్గుతుంది. కూడాలా తీసేయాలా అని ముందు రాసుకుని తర్వాత లెక్క మొదలుపెట్టు. సల్ఫైట్ సల్ఫేట్ అయితే 2 ఎలక్ట్రాన్లు, థయోసల్ఫేట్ అయోడిన్‌తో టెట్రాథయోనేట్ అయితే ఒక్కో థయోసల్ఫేట్‌కి 1.

ఇంటర్_సెకండియర్_సాయి:

థాంక్యూ అన్నా. మరి పర్మాంగనేట్ ఇచ్చినప్పుడు ఎప్పుడూ 5 వేసేయొచ్చా?

పాతల్యాబ్_మాష్టారు:

వేయకూడదు సాయీ, మీడియం చూడాలి. బాగా యాసిడ్ ఉంటే మాంగనీస్ +7 నుంచి +2, అంటే 5. యాసిడ్ సరిపోకపోయినా, న్యూట్రల్‌గా ఉన్నా మధ్యలో +4 దగ్గర ఆగి మాంగనీస్ డయాక్సైడ్ గోధుమ రంగు మడ్డి పడుతుంది, అప్పుడు 3. గట్టి క్షారంలో మాంగనేట్ దగ్గర, +6లో, ఆగితే 1. ఫ్లాస్క్‌లో గోధుమ రంగు మడ్డి కనపడిందంటే నీ 5 అబద్ధం, ఆ రీడింగ్ వదిలెయ్. ప్రశ్నల్లో "ఆమ్ల యానకంలో" అన్న మాట ఊరికే రాయరు.

మాంగనీస్‌తోనే ఒక సరదా ఉంది. +2 మాంగనీస్‌ని పర్మాంగనేట్‌తోనే టైట్రేట్ చేయొచ్చు. న్యూట్రల్‌కి దగ్గరగా చేస్తే ఇద్దరూ కలిసి +4 దగ్గర కలుసుకుంటారు, మూడు మాంగనీస్‌లకి రెండు పర్మాంగనేట్లు, ఇది వోల్హార్డ్ పద్ధతి. అదే పైరోఫాస్ఫేట్ దండిగా వేసి పీహెచ్ 6, 7 మధ్య చేస్తే +3 మాంగనీస్ కాంప్లెక్స్ దగ్గర కలుసుకుంటారు, నాలుగు మాంగనీస్‌లకి ఒక్క పర్మాంగనేట్ చాలు. అదే బ్యూరెట్, అదే లోహం, నంబర్ మార్పు ఒక చోట 2, ఇంకో చోట 1. ఏ స్థితి నిలబడుతుందో చుట్టూ ఉన్న లిగాండ్ (లోహాన్ని పట్టుకుని ఉండేది, ఇక్కడ పైరోఫాస్ఫేట్) నిర్ణయిస్తుంది.

దీనికి మన దగ్గర పెద్ద ఉదాహరణే ఉంది, లాస్యా నీకు వైవాలో పనికొస్తుంది. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ జి. గోపాలరావు గారనీ, రెడాక్స్ టైట్రేషన్ల మీద ఆయనా ఆయన శిష్యులూ ఏళ్ళ తరబడి పనిచేశారు. నువ్వు ఫ్లాస్క్‌లో పోస్తున్న వనాడేట్‌ని వాళ్ళు బ్యూరెట్‌లో పోశారు, సోడియం వనాడేట్‌నే టైట్రెంట్‌గా వాడి ఎన్నో పద్ధతులు తయారు చేశారు. 1960ల్లో యురేనియం మీద వాళ్ళు చేసింది ఇంకా గొప్పది. మామూలుగా ఫెర్రస్ ఐరన్‌కి యురేనియం +6ని +4కి దించే శక్తి లేదు, ఐరన్ 0.77 వోల్ట్, యురేనియం 0.3 చుట్టుపక్కల, రియాక్షన్ వెనక్కి నడవాలి. కానీ గట్టి ఫాస్ఫారిక్ యాసిడ్‌లో ఫాస్ఫేట్ ఫెర్రిక్‌ని గట్టిగా కౌగిలించుకుంటుంది, ఐరన్ పొటెన్షియల్ బాగా పడిపోతుంది, +4 యురేనియం కూడా ఫాస్ఫేట్‌తో స్థిరపడి దాని పొటెన్షియల్ పైకి లేస్తుంది, మొత్తం తలకిందులై ఫెర్రస్‌తోనే యురేనియంని టైట్రేట్ చేసేయొచ్చు, 2 ఎలక్ట్రాన్ల మార్పు. ఎండ్ పాయింట్‌లో రంగు కోసం నువ్వు వేసే ఆ రెండు ఎంఎల్‌ల ఫాస్ఫారిక్ యాసిడ్ ఇలా గట్టిగా, చాలా దండిగా ఉంటే రియాక్షన్ దిక్కే మార్చేస్తుంది.

పటాన్‌చెరు_క్యూసీ:

మాష్టారూ, మా మేడమ్ వాల్తేరులోనే చదివారు, ఫాస్ఫారిక్ యాసిడ్ బాటిల్ కనపడితే చాలు ఈ కథ చెప్తారు 😄

లాస్య_ఎమ్మెస్సీ:

అందరికీ అప్‌డేట్. ఫెర్రిక్ ఆలం పెట్టి చేశాం, కడగడానికి మరిగించిన యాసిడ్, గరాటు కొన ముంచి, వేడి నీలం రంగు వచ్చాక కాదు గానీ (ఫెర్రిక్‌లో పడగానే రంగు ఎలాగూ మారిపోయింది) టైట్రేషన్ ఆఖర్లో చేశా. టైటర్ 15.1, బ్లాంక్ 0.15, తేడా 14.95, ఎలక్ట్రాన్లు 2.99. సల్ఫర్ డయాక్సైడ్‌ది బాగా మరిగించాక 5.05 వచ్చింది. క్యూసీ అక్క చెప్పినట్టు భాగిస్తే 2.96. టిన్ అబ్బాయి సగం లెక్క చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత రికార్డ్‌లో నా దానికంటే రెండు పేజీలు ఎక్కువ రాశాడు.

రెండు డౌట్లు మిగిలాయి. బ్లాంక్ 0.15 ఎందుకు వచ్చింది? ఫెర్రిక్ ఆలంలో ఇంకేమీ లేదు కదా. రెండోది, మిగిలిన జింక్ అమాల్గం సింక్‌లో పోయొద్దన్నారు, ఏం చేయాలి?

పాతల్యాబ్_మాష్టారు:

శభాష్. 2.96, 2.99 మధ్య తేడా సల్ఫర్ డయాక్సైడ్ టైటర్‌లో 0.05 నుంచి వచ్చింది, బ్యూరెట్‌లో ఒక చుక్క అంతే ఉంటుంది. చిన్న టైటర్‌తో భాగిస్తే చుక్క తప్పు కూడా పెద్దదై కనపడుతుంది, 25కి బదులు 50 పిపెట్ చేస్తే సగానికి తగ్గుతుంది.

బ్లాంక్‌లో రెండు కలుస్తాయి. ఆలంలో ఎంతోకొంత ఫెర్రస్ ఉండొచ్చు, అది కాక పర్మాంగనేట్ గులాబీ రంగు కంటికి కనపడాలన్నా ఒక చుక్క అదనంగా పడాలి. బ్లాంక్‌లో కూడా అదే ఫాస్ఫారిక్ యాసిడ్, అదే వాల్యూమ్, అదే వేడి ఉండాలి, ఉత్త ఆలం మీద చల్లగా చేస్తే అది బ్లాంక్ కాదు.

అమాల్గంలో పాదరసం ఉంది కాబట్టి సింక్ మాట ఎత్తకు. బాగా కడిగి, మూత ఉన్న సీసాలో నీళ్ళ కింద ఉంచితే వచ్చే బ్యాచ్‌కి మళ్ళీ పనికొస్తుంది. గొట్టంలో ఉన్నదైనా సరే పైన నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి, ఎండిపోయి గాలి తగిలితే తర్వాత వాడినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అది లెక్క పాడుచేస్తుంది. పనికిరాకుండా పోయినదాన్నీ, కడుగునీళ్ళనీ పాదరసం వేస్ట్ అని రాసిన సీసాలో వేసి ల్యాబ్ అసిస్టెంట్‌కి అప్పగించు.